నేరాంగీకారానికి విలువ లేని చట్టం: 1855 నాటి చిత్రహింసల విచారణ, తెలుగు జిల్లాల్లో పోలీసు వ్యవస్థ పుట్టుక

తెలుగు జిల్లాల్లో ఇవాళ కనిపించే పోలీసు వ్యవస్థకు పునాది పంతొమ్మిదో శతాబ్దం మధ్యలో పడింది. దొంగతనాలూ బందిపోట్ల దోపిడీలూ ఆనాటి పాలకులను కలవరపెట్టిన మాట నిజమే గాని, కొత్త దళాన్ని నెలకొల్పక తప్పని పరిస్థితిని తెచ్చిపెట్టింది మాత్రం ప్రభుత్వం తన సొంత ఉద్యోగుల గురించి వినవలసి వచ్చిన ఆరోపణ. శిస్తు వసూలు కోసం, నేరం ఒప్పించడం కోసం తాలూకా కచేరీల్లో మనుషులను కట్టి, వంచి, వేళ్ళు నలిపి హింసిస్తున్నారన్న మాట లండన్ పార్లమెంటు దాకా వెళ్ళింది. 1854 సెప్టెంబరులో మద్రాసు ప్రభుత్వం విచారణ సంఘాన్ని నియమించింది. 1855 ఏప్రిల్లో ఆ సంఘం నివేదిక ఇచ్చింది. పోలీసును రెవెన్యూ నుంచి వేరుచేసిన 1859 చట్టమూ, పోలీసు ఎదుట ఒప్పుకున్న నేరాన్ని కోర్టు నమ్మరాదన్న సాక్ష్యాధార సూత్రమూ ఆ నివేదిక వెలువడిన పదిహేడేళ్ళ లోపల రూపుదిద్దుకున్నవే. అందువల్ల ఈ ప్రాంతపు పోలీసు చరిత్రను చదివేవారు బలప్రయోగాన్ని తరవాతి కాలంలో వచ్చిచేరిన లోపంగా భావించడానికి వీల్లేదు. ఆ వ్యవస్థ పుట్టిందే బలప్రయోగంపై వచ్చిన ఫిర్యాదుకు జవాబుగా. ఆ జవాబు ఎంతవరకు నిజమైన జవాబో, ఎక్కడ దారి తప్పిందో తెలుసుకోవడానికి 1855కు కొంచెం వెనక్కి వెళ్ళవలసి ఉంటుంది.

కంపెనీ పాలనకు ముందు పల్లెల్లో కాపలా పని గ్రామానికి చెందిన తలారులది. పంటలూ పశువులూ ఇళ్ళూ కాపాడినందుకు వారికి ధాన్యంలో వంతో, మాన్యం భూమో దక్కేది. దొంగతనం జరిగి సొత్తు దొరకకపోతే నష్టపరిహారం చెల్లించే బాధ్యత కూడా చాలాచోట్ల కాపలాదారుల మీదే ఉండేది. రాయలసీమలో ఇదే పని పాలెగాళ్ళ చేతిలో ఉండి, కావలి రుసుము పేరిట ఊళ్ళ మీద వారి పెత్తనానికి ఆధారమైంది. ఆ ఏర్పాటు న్యాయమైనదని చెప్పడానికి లేదు, ఎందుకంటే కావలివాడే దొంగకు కొమ్ముకాసిన సందర్భాలు తక్కువేమీ కావు. పాలెగాళ్ళను అణచివేశాక కంపెనీ 1802లో బెంగాల్ నమూనాలో జీతం తీసుకునే దరోగాలను, అంటే ఠాణా అధికారులను, ప్రవేశపెట్టింది. ఊరితో సంబంధం లేని ఆ దరోగాలు ఖర్చుకు తగ్గ ఫలితం చూపలేకపోయారు. దత్తమండలాల్లో ఏడేళ్ళు పనిచేసి రైతువారీ పద్ధతిని గట్టిగా సమర్థించిన థామస్ మన్రో సూచనల మేరకు 1816లో ఆ పద్ధతిని రద్దుచేసి, పదకొండో రెగ్యులేషన్ ద్వారా పోలీసు అధికారాన్ని గ్రామంలో మునసబుకు, తాలూకాలో తహసీల్దారుకు, జిల్లాలో కలెక్టరుకు అప్పగించారు. జిల్లా మేజిస్ట్రేటు హోదా కూడా అప్పుడే కలెక్టరుది అయింది.

ఈ మార్పును మన్రో పాత దేశాచారానికి తిరిగి వెళ్ళడంగా సమర్థించాడు. ఆచరణలో జరిగింది వేరు. శిస్తు వసూలు చేయవలసిన తహసీల్దారే నేరాన్ని దర్యాప్తు చేసే పోలీసు పెద్ద కూడా అయ్యాడు. ఆయన కింద పనిచేసే బంట్రోతులు పొద్దున బకాయిదారును పట్టుకువచ్చినవారే, సాయంత్రం దొంగతనం అనుమానితుణ్ణి కూడా పట్టుకువచ్చేవారు. కిస్తు గడువు దగ్గరపడితే, అంటే పన్ను వాయిదా కట్టవలసిన రోజు వస్తే, కలెక్టరు కచేరీ నుంచి తాఖీదు మీద తాఖీదు వచ్చేది. వసూలు తగ్గితే తహసీల్దారు ఉద్యోగానికే ముప్పు. వసూలు ఎలా అయిందని అడిగేవారు అరుదు. రైతు దగ్గర పంట ఇంకా కల్లంలో ఉండగానే కిస్తు పడేది. 1830ల నుంచి ధాన్యం ధరలు పడిపోవడంతో, నగదులో నిర్ణయించిన శిస్తు బరువు ఏటేటా పెరిగింది. 1832–33 నాటి నందన కరువులో గుంటూరు జిల్లా జనాభాలో పెద్ద భాగం నశించిపోయిన తరవాత కూడా వసూలు యంత్రాంగం స్వరూపం మారలేదు. దర్యాప్తులో తహసీల్దారుకు శిక్షణ లేదు, సమయమూ లేదు. వసూలు కోసం చేయి తిరిగిన పద్ధతులే నేరం ఒప్పించడానికీ వాడుకలోకి వచ్చాయి. ఒకే కచేరీ, ఒకే బంట్రోతు, ఒకే తాడు.

ఈ సంగతిని ఇంగ్లండుకు చేర్చినవారిలో మద్రాసు తెలుగు వర్తకుడు గాజుల లక్ష్మీనరసు శెట్టిని ముందుగా చెప్పుకోవాలి. నీలిమందు, బట్టల వ్యాపారంలో సంపాదించిన ధనాన్ని ఆయన ప్రజా వ్యవహారాల్లో ఖర్చుపెట్టాడు. 1844లో క్రెసెంట్ అనే ఆంగ్ల పత్రికను నడపడం మొదలుపెట్టి, 1852లో మద్రాసు నేటివ్ అసోసియేషన్‌ను స్థాపించాడు. కంపెనీ చార్టరును పార్లమెంటు మళ్ళీ పరిశీలిస్తున్న సమయం అది. ఆ సంస్థ పంపిన విజ్ఞాపనలో భూమిశిస్తు భారం, న్యాయస్థానాల అలసత్వం, రెవెన్యూ ఉద్యోగుల దౌర్జన్యం ప్రధానాంశాలు. 1853లో పార్లమెంటు సభ్యుడు హెన్రీ డాన్బీ సేమూర్ మద్రాసు వచ్చినప్పుడు లక్ష్మీనరసు శెట్టి ఆయనను వెంటబెట్టుకుని జిల్లాల్లో తిప్పాడు. సభలో వినిపించే అంకెల కన్నా ఊళ్ళో వినిపించే మాటకు బలం ఎక్కువని గ్రహించిన వాడు కావడం వల్లే ఆయన ఆ ప్రయాణానికి పూనుకున్నాడనిపిస్తుంది. 1854 జులైలో కామన్స్ సభలో మద్రాసు భూమిశిస్తుపై చర్చ వచ్చినప్పుడు సేమూర్ చిత్రహింసల ప్రస్తావన తెచ్చాడు. కంపెనీ పక్షం వారు మొదట కొట్టిపారేసినా, విచారణ తప్పలేదు. భారతదేశంలో రాజకీయ సంస్థలు అప్పుడప్పుడే కళ్ళు తెరుస్తున్న కాలంలో ఒక వర్తక సంఘం ఇంత పని చేయించగలిగిందన్న విషయానికి తెలుగు చరిత్ర పుస్తకాల్లో దక్కిన స్థలం చాలా తక్కువ.

విచారణ సంఘంలో ముగ్గురు సభ్యులు. ఇలియట్ మద్రాసు నగర పోలీసు పర్యవేక్షకుడు, ప్రధాన మేజిస్ట్రేటు. స్టోక్స్ రెవెన్యూ శాఖలో అనుభవం గడించిన సివిల్ ఉద్యోగి. జాన్ బ్రూస్ నార్టన్ బారిస్టరు, కంపెనీ కోర్టుల అసమర్థతను ఎండగడుతూ అంతకు ముందే పుస్తకం రాసినవాడు. ఫిర్యాదులున్నవారు రావచ్చని వారు ప్రకటన చేయించారు. గడువు మూడు నెలలు మాత్రమే. రెండు కోట్లకు పైగా జనాభా ఉన్న మద్రాసు ప్రెసిడెన్సీలో రైలు ఇంకా నడవడం లేదు, చదవగలిగినవారు బహు కొద్దిమంది, ప్రకటనను ఊరికి చేర్చవలసిన బాధ్యత కూడా ఎవరి మీద ఫిర్యాదు రావచ్చో ఆ ఉద్యోగులదే. అయినా 519 మంది స్వయంగా వచ్చి చెప్పుకున్నారు, 1,440 ఫిర్యాదులు ఉత్తరాల రూపంలో అందాయి, మొత్తం 1,959. వచ్చినవారిలో కొందరు వందల మైళ్ళ దూరం నుంచి ప్రయాణం చేసి వచ్చినవారు. వ్యవసాయం వదులుకుని, దారి ఖర్చు అప్పుచేసి, తిరిగి వెళ్ళాక అదే తహసీల్దారు పాలనలో బతకవలసి ఉంటుందని తెలిసీ వచ్చిన వీరి సంఖ్యను ఆ పరిస్థితుల మధ్య పెట్టి చూడాలి. నివేదికను తేలికగా కొట్టివేయబోయినవారు వచ్చిన ఫిర్యాదుల సంఖ్యను జనాభాతో భాగించి చూపారు. రాలేకపోయినవారి లెక్క ఏ భాగహారంలోనూ రాదు.

నివేదికలో నమోదైన హింసాపద్ధతుల జాబితా చాలా పొడవైనది. రైతును మండుటెండలో నిలబెట్టడం, తిండికీ కాలకృత్యాలకూ పోనివ్వకపోవడం, పశువులను మేతకు వదలకుండా కొట్టంలో బంధించడం, బకాయిదారు ఇంట్లో బంట్రోతును దింపి అతని తిండి ఖర్చు కూడా ఆ ఇంటి మీదే వేయడం, మోకాళ్ళ మడతల్లో రాళ్ళు పెట్టి గొంతుక్కూర్చోబెట్టడం, ఇద్దరు బకాయిదారుల జుట్టు జుట్టు కలిపి కట్టడం, జుట్టును గాడిద తోకకో దున్నపోతు తోకకో ముడివేయడం, మెడలో ఎముకల దండ వేయడం అందులో ఉన్నాయి. అన్నింటికన్నా ఎక్కువ వాడుకలో ఉన్నవి రెండు. మొదటిది కిట్టి, తెలుగు జిల్లాల్లో దాన్ని 'చీరట' అంటారని నివేదిక రాసింది. రెండు కర్రలను ఒక కొసన కలిపి కట్టి, మధ్యలో వేళ్ళు పెట్టించి, విడిగా ఉన్న కొసలను రెండు చేతులతో అదుముతారు; వేళ్ళే కాకుండా చెవులూ తొడలూ కూడా దాని మధ్య పడేవి. పరికరం లేనిచోట వేళ్ళను ఒకదానిపై ఒకటి మెలిపెట్టి చేతులతోనే నలిపేవారు. రెండోది అరవంలో అణ్ణాందాళ్, తెలుగులో నివేదిక రాసిన ప్రకారం 'గింజెరి'. మనిషిని ముందుకు వంచి, మెడకు తాడో అతని పైబట్టో వేసి, దాన్ని కాళ్ళకు బిగించి కడతారు. తల మోకాళ్ళను తాకే ఆ భంగిమలో గంటలకొద్దీ ఉంచుతారు. వీపు మీద బరువైన రాయి పెట్టడమో, బంట్రోతే ఎక్కి కూర్చోవడమో అదనం. నేర దర్యాప్తులో ఇవి చాలక కళ్ళలో కారం రుద్దడం, పురుగును కొబ్బరిచిప్ప కింద పెట్టి బొడ్డు మీద బోర్లించడం, బావిలో ముంచడం కూడా ఉన్నాయి.

ఈ జాబితాలో గమనించవలసిన అంశం ఒకటుంది. వీటిలో చాలావాటికి ఆయుధం అక్కరలేదు, ఖర్చు లేదు, మర్నాటికి శరీరం మీద స్పష్టమైన గుర్తు కూడా మిగలకపోవచ్చు. ఎముకల దండ, తోకకు జుట్టు ముడి వంటివైతే శరీరాన్ని కాక ఊళ్ళో మనిషికున్న పరువును గురిపెట్టినవి. కులమూ మర్యాదా మనిషి బతుకుకు ఎంత ముఖ్యమో తెలిసిన స్థానికులే వీటిని అమలుచేశారు కాబట్టి, ఏది ఎక్కడ నొప్పిస్తుందో వారికి బాగా తెలుసు. ఐరోపా వైద్యుడి ముందు నిలబడి గాయం చూపించమంటే చూపడానికి ఏమీ లేని హింస అది.

ఫిర్యాదుకు పరిష్కారం దొరకని తీరును సంఘం వివరించిన భాగం, హింసల జాబితా కన్నా ఈనాటి పాఠకుణ్ణి ఎక్కువగా ఆలోచింపజేస్తుంది. దెబ్బలు తిన్న రైతు కలెక్టరుకు అర్జీ పెట్టుకోవాలంటే జిల్లా కేంద్రానికి నడిచి వెళ్ళాలి, లేదా తపాలా ఖర్చు భరించాలి; కలెక్టరు జమాబందీకో మరో పనికో తిరుగుతూ ఉంటే ఆయన విడిది ఎక్కడుందో వెతుక్కోవాలి. అర్జీ చేతికందాక కలెక్టరు దానిపై మామూలుగా రాసే మాట, తహసీల్దారు విచారించి తెలియజేయవలసిందని. అర్జీ తిరిగి తిరిగి ఎవరి మీద పెట్టారో ఆ తహసీల్దారు చేతికే వచ్చేది. ఆయన సాక్షులను పిలిపిస్తే ఎవరు సాక్ష్యం చెబుతారు? ఫిర్యాదు అబద్ధమని తేలేది, ఫిర్యాదుదారు ఇంకో కిస్తుకు ఇంకా లోకువయ్యేవాడు. కోర్టుకు పోవాలంటే దూరమూ ఖర్చూ ఇంతకు ఇంత. రుజువైన కొద్ది కేసుల్లోనూ నేరస్థులైన ఉద్యోగులకు పడిన శిక్షలు స్వల్పమైనవి. జనం నోరు మెదపకపోవడాన్ని అంతకాలం అధికారులు జనం సంతృప్తికి గుర్తుగా తీసుకున్నారు. మూడు నెలలు మరో చోట చెవి ఒగ్గేసరికి పందొమ్మిది వందల పైచిలుకు గొంతులు వినిపించాయి. ప్రజా విశ్వాసం అనే మాటకు ఆనాటి పరిపాలనలో చోటు లేకపోయినా, దాని లేమి ఎలా పుడుతుందో ఆ పుటల్లో చాలా స్పష్టంగా ఉంది.

అయితే సంఘం తేల్చిన ముగింపు దాని సొంత సాక్ష్యానికి సరితూగదు. శిస్తు కోసమూ నేరాంగీకారం కోసమూ హింస ఉందని అంగీకరిస్తూనే, ఐరోపా అధికారులకు ఆ పాపంలో పాలు లేదని, ప్రజలు మొరపెట్టుకుంటున్నది తమ తోటి దేశస్థుల క్రౌర్యం గురించే గాని తెల్లదొరల గురించి కాదని అది నిర్ధారించింది. కిట్టి బిగించిన చెయ్యి స్థానికుడిదే. కాని కిస్తు గడువు నిర్ణయించినదీ, తహసీల్దారుకు రెండు అధికారాలు కట్టబెట్టినదీ, అతనిపై వచ్చిన అర్జీని అతనికే పంపినదీ, బంట్రోతును నెలకు కొద్ది రూపాయల జీతంతో వదిలేసినదీ కంపెనీ. పై అధికారి అడగకుండా ఉండడం కూడా ఆ హింసలో భాగమే అన్న సంగతిని నివేదిక పక్కన పెట్టింది. గవర్నర్ జనరల్ డల్హౌసీ 1855లో, చిత్రహింస మద్రాసుకే పరిమితం కాదని, ఏదో ఒక రూపంలో బ్రిటిష్ ఇండియా రాష్ట్రాలన్నింటా కింది ఉద్యోగులు దాన్ని వాడుతున్నారన్న విషయంలో తనకు అనుమానం లేదని ఒప్పుకున్నాడు. 1857లో సిపాయిల క్రూరత్వం గురించి ఇంగ్లండు పత్రికలు గగ్గోలు పెడుతున్నప్పుడు కార్ల్ మార్క్స్ న్యూయార్క్ ట్రిబ్యూన్‌లో ఈ మద్రాసు నివేదికనే తిరగేసి, పాలకుల చేతులు ఎంత శుభ్రమైనవో చూడమన్నాడు.

దోషం స్థానికుల స్వభావంలో ఉందని తేల్చాక, మందు కూడా ఆ రోగనిర్ణయానికి తగినట్టే వచ్చింది. పోలీసును రెవెన్యూ నుంచి విడదీయాలి, దాన్ని ఐరోపా అధికారుల ప్రత్యక్ష పర్యవేక్షణ కింద పెట్టాలి. విలియం రాబిన్సన్ నాయకత్వంలో మద్రాసు కొత్త పోలీసు దళం రూపొందింది. 1859లో 24వ చట్టం దానికి ఆధారమైంది. ఇన్‌స్పెక్టర్ జనరల్, జిల్లాకో సూపరింటెండెంటు, వారి కింద ఇన్‌స్పెక్టర్లు, హెడ్ కానిస్టేబుళ్ళు, కానిస్టేబుళ్ళు ఉన్న శ్రేణి, ఏకరీతి దుస్తులు, స్టేషన్ హౌస్ అప్పుడే వచ్చాయి. 1860లో దేశవ్యాప్త పోలీసు కమిషన్ ఏర్పడినప్పుడు రాబిన్సన్ అందులో సభ్యుడు. మిగతా రాష్ట్రాలకు 1861లో వచ్చిన ఐదో చట్టానికి మద్రాసు అనుభవం ఒక నమూనా. శిస్తు వసూలు చేసేవాడు ఇక సంకెళ్ళు వేయలేడు కాబట్టి, రైతు మీద కిస్తు హింస క్రమంగా తగ్గిందన్న మాట నిజం. ఇది చిన్న మేలు కాదు. లక్ష్మీనరసు శెట్టీ, నడిచి వచ్చిన ఆ 519 మందీ సాధించిన ఫలితమిది.

కాని ఆ దళానికి ఎంచుకున్న నమూనా విషయంలో జరిగిన నిర్ణయం ఈ నేల మీద చాలాకాలం ప్రభావం చూపింది. లండన్ నగరంలో 1829లో వచ్చిన పోలీసు సాధారణంగా ఆయుధం లేకుండా, పౌరుల మధ్య తిరుగుతూ, వారి సమ్మతి మీద ఆధారపడి పనిచేయాలన్న ఆదర్శంతో మొదలైంది. ఐర్లండ్‌లో అదే ప్రభుత్వం నెలకొల్పిన కానిస్టేబులరీ వేరు. అది ఆయుధాలు ధరించి, బారకాసుల్లో నివసించి, తిరుగుబాటు అనుమానం ఉన్న జనం మీద నిఘా ఉంచే దళం. సింధులో బ్రిటిష్ గవర్నరు చార్లెస్ నేపియర్ 1843లో ఐరిష్ పద్ధతినే అనుసరించాడు. 1857 తరవాత భయపడి ఉన్న పాలకులకు అదే నచ్చింది. కానిస్టేబులు తన పైవాడికి జవాబుదారు, ఆ పైవాడు ఇన్‌స్పెక్టర్ జనరల్‌కు, ఆయన ప్రభుత్వానికి. ఊరికి ఎవరూ జవాబుదారు కారు. తహసీల్దారుపై ఫిర్యాదు తహసీల్దారుకే చేరిన లోపాన్ని సంఘం ఎత్తిచూపింది. కొత్త శాఖలోనూ పోలీసుపై ఫిర్యాదు పోలీసు అధికారికే చేరింది. ఆ 1859 చట్టం ఆంధ్ర ప్రాంత జిల్లా పోలీసు చట్టం అన్న పేరుతో స్వతంత్ర భారతంలోనూ కొనసాగింది. తెలంగాణలో దాని స్థానంలో ఉన్నది నిజాం కాలంలో 1329 ఫసలీలో, అంటే 1919–20 ప్రాంతంలో, వచ్చిన చట్టం.

శిక్షాస్మృతీ సాక్ష్యాధార చట్టమూ అదే దశాబ్దపు అనుభవాన్ని తమలో ఇముడ్చుకున్నాయి. 1860 నాటి భారత శిక్షాస్మృతిలో 330వ సెక్షన్, నేరాంగీకారం రాబట్టడానికో సొత్తు తిరిగి ఇప్పించడానికో గాయపరచడాన్ని ఏడేళ్ళ దాకా జైలుశిక్ష వేయదగిన నేరంగా ప్రకటించింది. గాయం తీవ్రమైనదైతే 331 కింద పదేళ్ళు. ఆ సెక్షన్ కింద ఇచ్చిన ఉదాహరణలు చదివితే నాటి తాలూకా కచేరీ కళ్ళకు కడుతుంది: నేరం ఒప్పుకొమ్మని హింసించే పోలీసు అధికారి, దొంగసొత్తు ఎక్కడుందో చూపమని హింసించే పోలీసు అధికారి, బకాయి చెల్లించమని హింసించే రెవెన్యూ అధికారి, శిస్తు ఇమ్మని రైతును హింసించే జమీందారు. చట్టం రాసినవారికి ఊహించి చెప్పే అవసరం లేకపోయింది. 1861 క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో మొదట చేరి, 1872 సాక్ష్యాధార చట్టంలో 25వ సెక్షన్‌గా స్థిరపడిన నియమం ఇంకా ముందుకు వెళ్ళింది. పోలీసు అధికారి ఎదుట చేసిన నేరాంగీకారాన్ని నిందితుడికి వ్యతిరేకంగా రుజువు చేయకూడదు. హింస జరిగిందా లేదా అన్న ప్రశ్న కోర్టు వేయదు. పోలీసు ఎదుట చెప్పాడంటే చాలు, ఆ మాట చెల్లదు. 26వ సెక్షన్ ప్రకారం, పోలీసు కస్టడీలో ఉన్నవాడు మేజిస్ట్రేటు సమక్షంలో తప్ప ఎవరి ముందు ఒప్పుకున్నా చెల్లదు. ఆ చట్టాన్ని తయారుచేసిన జేమ్స్ ఫిట్జ్‌జేమ్స్ స్టీఫెన్ తరవాతి కాలంలో, ఈ హింసకు క్రౌర్యం కన్నా బద్ధకం పెద్ద కారణమని అనుభవజ్ఞుడైన ఒక అధికారి ఇచ్చిన వివరణను నమోదుచేశాడు. సాక్ష్యం కోసం ఎండలో తిరగడం కష్టం, కచేరీ నీడన మనిషిని బాధపెట్టడం సులభం.

ఇక్కడ ఒక విచిత్రమైన ఏర్పాటు కుదిరింది. ప్రభుత్వం ఒక దళాన్ని నెలకొల్పి, దానికి అరెస్టు చేసే, సోదా చేసే, నిర్బంధించే అధికారాలన్నీ ఇచ్చింది. ఆ దళం తెచ్చిన అతి ముఖ్యమైన మాటను మాత్రం నమ్మవద్దని తన కోర్టులకు ఆజ్ఞాపించింది. అపనమ్మకం పల్లెల్లోనే ఆగక ప్రభుత్వపు సొంత చట్టంలోకి ఎక్కింది. నిందితుడికి ఇది గొప్ప రక్షణ, దాని విలువను తగ్గించి చెప్పడం అన్యాయం. అయితే హింసకు ప్రతిఫలం లేకుండా చేయాలన్న ఆ ఉద్దేశానికి 27వ సెక్షన్ ఒక కన్నం వదిలింది. కస్టడీలో ఉన్నవాడు ఇచ్చిన సమాచారం వల్ల ఏదైనా వస్తువు బయటపడితే, ఆ వస్తువుకు సంబంధించినంత మేరకు అతని మాట చెల్లుతుంది. నాటి నుంచి నేటి దాకా తెలుగునాట పోలీసు దర్యాప్తులో మహజరుకు ఉన్న ప్రాముఖ్యం అక్కడి నుంచే వచ్చింది. నిందితుడు చూపిన చోట కత్తో నగో దొరికిందని రాసి, ఇద్దరు మధ్యవర్తుల చేత సంతకాలు పెట్టించే ఆ కాగితం, ఒప్పుకోలుకు చట్టం మూసిన తలుపు పక్కన తెరిచిన కిటికీ. వస్తువు ఎక్కడుందో చెప్పించడానికి ఏం చేశారన్నది మహజరులో ఉండదు. 330వ సెక్షన్ రెండో ఉదాహరణలోని పోలీసు అధికారి చేసిన పని ఒక సెక్షన్ కింద నేరం. దాని ఫలితం మరో సెక్షన్ కింద సాక్ష్యం.

కొత్త దళం ప్రజల విశ్వాసం సంపాదించలేదన్న సంగతిని తేల్చిచెప్పినవారు కూడా పాలకులే. 1902–03లో ఆండ్రూ ఫ్రేజర్ అధ్యక్షతన పనిచేసిన పోలీసు కమిషన్, పోలీసులో సమర్థత లేదని, అవినీతీ పీడనా ఉన్నాయని, ప్రజల నమ్మకాన్నీ సహకారాన్నీ పొందడంలో ఆ శాఖ పూర్తిగా విఫలమైందని రాసింది. ఫ్రేజర్ దాకా ఆగకుండానే ఆ సంగతి గోదావరి ఏజెన్సీలో తెలిసిపోయింది. మన్యంలో చోడవరం, అడ్డతీగల వంటి చోట్ల పోలీసు స్టేషన్లు వెలిశాక, గిరిజనులకు ప్రభుత్వం అంటే పోలీసే అయింది. కల్లు మీద పన్ను, మైదాన వర్తకుల కోర్టు డిక్రీలు, మన్సబుదారు వసూళ్ళు, వీటన్నింటికీ అండగా పోలీసుల బలవంతపు వసూళ్ళు కలిసి 1879లో రంపలో పితూరీ లేచింది. తిరుగుబాటుదారులు మొదట పట్టుకున్నది పోలీసులను, తగలబెట్టినది పోలీసు స్టేషన్లను. నలభై మూడేళ్ళ తరవాత 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు వరసగా మూడు రోజుల్లో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్ల మీద దాడిచేసి తుపాకులు తీసుకుపోయాడు. కారణాలు కొంత మారినా, మన్యం ప్రజలకు రాజ్యం తగిలే చోటు మారలేదు. ఆ పోరాటాన్ని అణచడానికి ప్రభుత్వం మలబారు స్పెషల్ పోలీసును రప్పించింది. స్థానిక భాష తెలియని సాయుధ దళాన్ని మరో చోటి నుంచి దింపడం అక్కడితో ఆగిపోని అలవాటు.

స్వాతంత్ర్యం వచ్చాక రాజ్యాంగం 20(3) అధికరణం, ఏ నిందితుణ్ణీ తనకు వ్యతిరేకంగా తానే సాక్ష్యమిమ్మని బలవంతపెట్టరాదని ప్రకటించింది. దళ స్వరూపం మాత్రం 1859 నాటిదే. 1978 మార్చిలో హైదరాబాద్ నల్లకుంట పోలీసు స్టేషన్‌లో ఒక ముస్లిం మహిళపై అత్యాచారం జరిగిందని, ఆమె భర్త పోలీసుల దెబ్బలకు చనిపోయాడని తెలియడంతో నగరం భగ్గుమంది. స్టేషన్ మీద జనం తిరగబడ్డారు, కాల్పులూ కర్ఫ్యూ వచ్చాయి. జస్టిస్ ముక్తదర్ కమిషన్ విచారించి పోలీసులను తప్పుపట్టింది. కేసు కర్ణాటకలోని రాయచూరు కోర్టుకు బదిలీ అయి, అక్కడ నిందితులు నిర్దోషులుగా విడుదలయ్యారు. కమిషన్ నిర్ధారణకూ కోర్టు తీర్పుకూ మధ్య ఉన్న ఆ అంతరం, 1855లో సంఘం చెప్పిన పాత కథే. కస్టడీలో జరిగినదానికి సాక్షులు పోలీసులే. పోలీసు పోలీసుకు వ్యతిరేకంగా చెప్పడు. సుప్రీంకోర్టు 1996లో డి.కె. బసు కేసులో అరెస్టు సమయంలో పాటించవలసిన నిబంధనలు నిర్దేశించింది. ప్రకాశ్ సింగ్ కేసులో 2006లో, పోలీసులపై ఫిర్యాదులు వినడానికి రాష్ట్రస్థాయిలోనూ జిల్లాస్థాయిలోనూ ప్రత్యేక ప్రాధికార సంస్థలు ఏర్పాటు చేయమని రాష్ట్రాలను ఆదేశించింది. తహసీల్దారుపై అర్జీని తహసీల్దారుకే పంపవద్దని చెప్పడానికి నూట యాభై ఏళ్ళు పట్టింది. ఆ ఆదేశాన్ని అమలుచేయడంలో రాష్ట్రాలు చూపిన జాప్యం ఇంకో కథ.

నమ్మకం గురించి మాట్లాడేటప్పుడు 2019 డిసెంబరు 6ను దాటవేయడం కుదరదు. హైదరాబాద్ శివార్లలో పశువైద్యురాలిపై జరిగిన ఘోరానికి దేశమంతా కన్నీరు పెట్టుకున్న తరవాత, ఆ కేసులో అరెస్టయిన నలుగురు షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లిలో పోలీసు కాల్పుల్లో చనిపోయారు. వస్తువుల స్వాధీనం కోసం వారిని అక్కడికి తీసుకువెళ్ళామని పోలీసులు చెప్పారు. 27వ సెక్షన్ అవసరమే వారిని తెల్లవారుజామున ఆ పొలాలకు చేర్చిందన్నమాట. జనం వచ్చి పోలీసుల మీద పూలు చల్లారు. సుప్రీంకోర్టు నియమించిన జస్టిస్ సిర్పుర్కర్ కమిషన్ 2022లో బయటపడిన తన నివేదికలో, పోలీసులు చంపాలన్న ఉద్దేశంతోనే కాల్చారని నిర్ధారించి, పదిమంది పోలీసులను హత్యానేరంపై విచారించాలని సూచించింది. ఆ పూలను పోలీసులపై ప్రజలకు కుదిరిన విశ్వాసంగా చదవడం పొరపాటు. కోర్టులో న్యాయం ఏళ్ళ తరబడి జరగదన్న నిరాశ, ఆడపిల్లల భద్రత పట్ల ఆందోళన, ఆ ఆగ్రహంలో న్యాయమైన భాగం చాలా ఉంది. అయినా దర్యాప్తు చేసిన చేతికే శిక్ష వేసే అధికారాన్ని అప్పగించడం, 1816లో తహసీల్దారుకు రెండు కిరీటాలు పెట్టినంత ప్రమాదకరమైన పని. ఆ నలుగురూ దోషులా కాదా అన్నది ఇక ఏ కోర్టూ తేల్చలేదు. బాధితురాలి కుటుంబానికి సైతం రుజువైన తీర్పు దక్కలేదు.

పోలీసు మాటకు చట్టంలో విలువ పెంచాలన్న ప్రయత్నాలు కూడా స్వతంత్ర భారతంలో జరగకపోలేదు. ఉగ్రవాద నిరోధం కోసం వచ్చిన టాడా చట్టం 1987లో, పోటా 2002లో, సూపరింటెండెంటు స్థాయి పోలీసు అధికారి నమోదుచేసిన నేరాంగీకారాన్ని సాక్ష్యంగా అనుమతించాయి. మొదటిది దుర్వినియోగమైందన్న విమర్శల మధ్య 1995లో కాలగర్భంలో కలిసింది, రెండోది 2004లో రద్దయింది. 2003లో మలిమత్ కమిటీ ఈ వెసులుబాటును సాధారణ నేరాలకూ విస్తరించమని సూచించింది. వలస పాలన ఆనవాళ్ళను తుడిచివేస్తామన్న ప్రకటనతో పార్లమెంటు 2023లో మూడు నేరచట్టాలనూ మార్చి, 2024 జులై 1 నుంచి అమలులోకి తెచ్చింది. పాత 330, 331 సెక్షన్లు భారతీయ న్యాయ సంహితలో 120వ సెక్షన్‌గా కలిశాయి. పాత 25, 26, 27 సెక్షన్లు మూడూ భారతీయ సాక్ష్య అధినియమంలో 23వ సెక్షన్‌గా ఒకచోట చేరాయి. మలిమత్ సూచన అందులో చోటు చేసుకోలేదు. పోలీసు అధికారి ఎదుట చేసిన నేరాంగీకారం ఇప్పటికీ రుజువు కాదు, నిందితుడు చూపించగా దొరికిన వస్తువు ఇప్పటికీ రుజువే.